ఇసుక మీద కట్టిన మనిషి: సర్ ఆర్థర్ కాటన్

సంగారెడ్డిలో పుట్టి పెరిగిన మనకు గోదావరి ఎక్కడో ఉన్న నది అనిపిస్తుంది. నిజానికి మనం రోజూ తాగేది గోదావరి నీళ్లే. మహారాష్ట్రలో బీడ్ జిల్లా కొండల్లో పుట్టిన మంజీరా బీదర్ మీదుగా మన జిల్లాలోకి వచ్చి, సింగూరు దాటి, మెదక్ వైపు తిరిగి, నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మంచి వానలు పడి సింగూరు గేట్లు ఎత్తిన ఏడాది మన కళ్ల ముందు నుంచి పోయిన నీళ్లలో కొన్ని రాజమండ్రి పక్కనున్న ధవళేశ్వరం దాకా చేరతాయి. సముద్రానికి పోయే ఆ నీళ్లను అక్కడ ఆపి పొలాలకు మళ్లించిన ఇంజనీరు జీవితాన్నే ఈ స్వర్ణోత్సవ సంచికకు రాస్తున్నాను.

ఆయన్నే ఎందుకు ఎంచుకున్నానో ముందే చెబుతాను. మా సీఎస్ఐ సంఘంలో ఏడాదికొకసారి లేమెన్ సండే జరుగుతుంది. ఆ రోజు పాస్టర్‌గారు మా మధ్య కూర్చుంటారు. ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకునే మాలాంటివాళ్లు ముందుకు వెళ్లి తమ విశ్వాసం గురించి, దేవుడు తమకిచ్చిన పిలుపు గురించి సాక్ష్యం చెబుతారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి, ఆసుపత్రి నర్సు, లారీలు తిప్పే ఆయన, స్కూలు టీచరు, ఇలా ఎందరో. ఇరవై ఏళ్లుగా వింటున్నాను. చాలామంది సాక్ష్యం ఒకే చోటికి వచ్చి ఆగుతుంది. ఫుల్ టైమ్ సేవకు వెళ్లాలని ఉండేది, సంసార బాధ్యతల వల్ల కుదరలేదు, రిటైరయ్యాక చూడాలి అంటారు. అంటే నెలలో ఇరవై ఆరు రోజులు చేసే పని బతుకుదెరువు, మిగిలిన నాలుగు ఆదివారాలే దేవుడివి అన్నమాట. ఈ లెక్క నాకు మొదటినుంచీ మింగుడుపడదు. అందుకే నా వంతు వచ్చినప్పుడల్లా కాటన్ గురించి చెబుతాను. మన పాత విద్యార్థుల్లో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. ఇది మత ప్రచారమని ఎవరూ అనుకోవద్దు. తన పనిని, తన దేవుణ్ని రెండు గదుల్లో పెట్టని ఒక ఇంజనీరు కథగా చదవండి చాలు.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. హెన్రీ కాల్వ్‌లీ కాటన్ గారి పదో కొడుకు. అన్నదమ్ములు పదకొండు మంది. అన్నల్లో ఒకాయన సైన్యంలో పెద్ద జనరల్, ఒకాయన ఆక్స్‌ఫర్డులో ఒక కాలేజీకి పెద్ద, తమ్ముడు ఫ్రెడరిక్ కూడా ఇంజనీరే. ఆ కాలంలో అంత పెద్ద కుటుంబాల్లో చిన్న కొడుకులకు ఈస్టిండియా కంపెనీ కొలువే దారి. ఆర్థర్ పదిహేనేళ్ల వయసులో కంపెనీ వారి ఆడిస్‌కోంబ్ సైనిక పాఠశాలలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో సెకండ్ లెఫ్టినెంట్‌గా బయటికొచ్చారు. వేల్స్‌లో కొన్నాళ్లు సర్వే పని చేసి 1821లో మద్రాసు వచ్చారు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. మన దగ్గర ఇంటర్ పూర్తిచేసి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు వెళ్లే వయసు.

మొదట్లో ఇచ్చినవి చెరువుల మరమ్మతు, పాంబన్ జలసంధి సర్వే వంటి పనులు. మధ్యలో బర్మా యుద్ధానికి పంపారు. ఇండియాకు వచ్చిన ఆ తొలి సంవత్సరాల్లోనే ఆయన విశ్వాసం అలవాటుగా చర్చికి వెళ్లే స్థాయి దాటి వ్యక్తిగతమైన సంగతి అయింది. ఆ తర్వాత డెబ్బై ఏళ్లపాటు బైబిలు, ప్రార్థన ఆయన దినచర్య. అయినా ఉద్యోగం వదిలి మిషనరీ కాలేదు. ఆయన స్నేహితుల్లో మిషనరీలున్నారు, వారికి సాయం చేశారు, తను మాత్రం చైను, లెవెలింగ్ యంత్రం పట్టుకుని నదుల వెంట తిరుగుతూనే ఉన్నారు.

అసలు చదువు కావేరి ఒడ్డున జరిగింది. తిరుచ్చి దగ్గర కావేరి రెండు పాయలవుతుంది. రెండో పాయ కొల్లిడం కాస్త పల్లం. ఏటేటా ఎక్కువ నీరు అటే పోసాగింది, కావేరి పాయలో ఇసుక మేట వేసింది, తంజావూరు వరి పొలాలకు నీరు తగ్గుతూ వచ్చింది. 1836లో కాటన్ కొల్లిడానికి అడ్డంగా ఎగువన ఒకటి, దిగువన ఒకటి రెండు ఆనకట్టలు కట్టించారు. తంజావూరు నిలబడింది. అక్కడి దగ్గరలోనే కరికాల చోళుడు కట్టించినదని చెప్పే కల్లణై ఉంది. కాటన్ దాన్ని బాగా పరిశీలించారు. రాతిపొర దొరకని ఇసుక నదిలో అడ్డుకట్ట ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు యూరప్ పుస్తకాల్లో దొరకని జవాబు ఆయనకు ఆ పాత కట్టలో దొరికింది. ఆ సంగతి దాచుకోలేదు. ఈ విద్య ఈ దేశపు పాత ఇంజనీర్ల దగ్గర నేర్చుకున్నానని తర్వాత బహిరంగంగానే రాశారు. పై స్థానంలో ఉన్న మనిషి కింద ఉన్నవాడి దగ్గర నేర్చుకున్నానని కాగితం మీద పెట్టడం ఇప్పటి ఫ్యాక్టరీల్లోనే అరుదు, కంపెనీ కాలంలో మరీ అరుదు.

ఈ విద్య ఏమిటో కాస్త విడమరిచి చెప్పాలి. మన చెరువులకు మత్తడి ఉంటుంది కదా, నిండిన నీళ్లు దాని మీదుగా దూకి పోతాయి. ఆనకట్ట అంటే నదికి అడ్డంగా కట్టిన పొడుగాటి మత్తడి. అది నీళ్లను నిల్వ చేయదు. మట్టాన్ని కొన్ని అడుగులు పైకి లేపి, పక్కనున్న కాలువల తూముల్లోకి తిప్పుతుంది. వరద వస్తే తల మీదుగా పోనిస్తుంది. చిక్కంతా పునాదిలో ఉంది. డెల్టా దగ్గర నది అడుగున రాయి లేదు, ఎంత తవ్వినా ఇసుకే. గోడ దాటి దూకిన నీరు గోడ కాలి దగ్గర ఇసుకను కోసుకుపోతుంది. అలా కోసుకుపోతే ఎంత బలమైన గోడైనా ముందుకు పడుతుంది. కాటన్ వాడిన ఉపాయం ఏమిటంటే, ఇసుకలో బావులు దించి వాటి మీద వెడల్పుగా కట్టడం లేపి, దిగువ పక్క పెద్ద పెద్ద రాళ్లను వదులుగా పరచి వదిలేయడం. నీరు ఎక్కడ ఇసుక కోస్తే అక్కడ ఆ రాళ్లు దిగిపోయి గుంత పూడుస్తాయి. పై నుంచి మళ్లీ రాళ్లు వేస్తారు. కొన్నేళ్లకు రాళ్లు దిగడం ఆగిపోతుంది, కట్ట స్థిరపడుతుంది.

బైబిలు చదివినవాళ్లకు ఇక్కడ నవ్వొస్తుంది. బుద్ధిమంతుడు బండ మీద ఇల్లు కట్టాడు, బుద్ధిలేనివాడు ఇసుక మీద కట్టాడు, వరద వచ్చి ఇసుక మీద ఇల్లు కూలిపోయింది. ఈ ఉపమానం చిన్నప్పుడు సండే స్కూల్లో చేతులు ఆడిస్తూ పాడనివాళ్లు లేరు. ఆ ఉపమానాన్ని కాటన్ ఎన్నిసార్లు చదివి ఉంటారో! ఆయన జీవితకాలపు పని మాత్రం ఇసుక మీదే. బండ ఉన్నచోటే కడతానని కూర్చుంటే గోదావరి డెల్టాకు నీళ్లు వచ్చేవి కావు. నదిని దాని చోట అంగీకరించి, ఆ చోటుకు తగ్గట్టు కట్టారు. ఉపమానం తప్పని నేను అనడం లేదు. అది మనిషి మనసు గురించి చెప్పింది, సివిల్ ఇంజనీరింగ్ గురించి కాదు.

1830లలో గోదావరి, కృష్ణ డెల్టాల పరిస్థితి చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. 1832-33లో గుంటూరు సీమలో డొక్కల కరువు వచ్చింది. అక్కడున్న సుమారు 5 లక్షల జనంలో 2 లక్షల దాకా చనిపోయారని ఆనాటి అంచనా. 1839 నవంబరులో కాకినాడ దగ్గర కోరంగి రేవును ఉప్పెన ముంచేసింది. రాజమండ్రి జిల్లాలో జనం తగ్గిపోయారు, పన్ను వసూళ్లు పడిపోయాయి. కళ్ల ముందు గోదావరి నిండుగా పోతూనే ఉంది, ఒడ్డున మనుషులు గంజి లేక చస్తూనే ఉన్నారు. కారణం తెలుసుకోవడానికి కంపెనీ హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారిని పంపింది. నీటిపారుదల తప్ప వేరే మందు లేదని, కావేరి మీద కాటన్ చేసిన పనిలాంటిదే ఇక్కడా కావాలని ఆయన తేల్చారు.

కాటన్ అప్పటికి జబ్బుతో సెలవు మీద వెళ్లి, టాస్మానియాలో 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను పెళ్లి చేసుకుని తిరిగొచ్చి, విశాఖపట్నంలో సముద్రపు కోత ఆపే పనుల మీద ఉన్నారు. 1844లో గోదావరి మీద ఆనకట్ట కట్టవచ్చని రిపోర్టు ఇచ్చారు. ఆయన రిపోర్టుల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసేది లెక్కలు రాసిన తీరు. ఈ మనిషికి కడుపులో మండుతున్నది కరువు చావులు. క్రైస్తవులమని చెప్పుకునే ప్రభుత్వం పాలించే చోట నది పక్కనే జనం ఆకలితో చావడం దేవుడి ముందు నేరమని నమ్మారు. అయితే రిపోర్టు వెళ్లాల్సింది వ్యాపార కంపెనీకి. అందుకని ఎకరాలు, పన్నులు, పడవల కిరాయిలు, పెట్టిన రూపాయికి తిరిగొచ్చే రూపాయలు, ఇవన్నీ వరసగా పేర్చారు. ప్రాణాలను రాబడిలోకి తర్జుమా చేశారు.

మన పటాన్‌చెరు బెల్టులో పనిచేసిన ఏ ఇంజనీరుకైనా ఈ తర్జుమా తెలుసు. ఒక ఫ్యాక్టరీలో నేను వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు పెంచాలని ప్రతిపాదన రాసినప్పుడు నక్కవాగు ఊళ్ల పొలాల గురించి, బోర్ల గురించి రాసిన పేజీ ఎవరూ తిప్పలేదు. నీటి రీసైక్లింగ్ వల్ల ట్యాంకర్ల ఖర్చు ఎంత తగ్గుతుందో రాసిన పేజీ మీద సంతకం అయింది. 1980లు, 90లలో నక్కవాగు రంగు, వాసన చూసినవాళ్లు మనలో ఎంతోమంది ఉన్నారు. ఆ వాగు నీళ్లు కలిసేది మంజీరాలోనే. ఆ కాలుష్యం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆదివారం దేవుడి సృష్టి గురించి పాటలు పాడి సోమవారం డిశ్చార్జి రిజిస్టరులో సంతకం పెట్టాల్సిన మనిషికి పిలుపు అంటే ఏమిటి? కాటన్ జీవితం నాకు పనికొచ్చేది ఇక్కడే. ఎస్టిమేటు ఆయనకు ప్రార్థనకు అవతలి వస్తువు కాదు. నిజం చెప్పే ఎస్టిమేటు వేయడం, దాన్ని పై వాళ్లు ఒప్పుకునే భాషలో రాయడం, ఒప్పుకోకపోతే మళ్లీ రాయడం, ఇదే ఆయన సేవ.

1847లో సుమారు 10,000 మంది కూలీలతో పని మొదలైంది. ధవళేశ్వరం దగ్గర నది నాలుగు పాయలుగా చీలి, మధ్యలో లంకలున్నాయి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఇలా నాలుగు ముక్కలుగా ఆనకట్ట. లంకలు తీసేస్తే కట్టడమే రెండుంపావు మైళ్లు. ధవళేశ్వరం కొండ నుంచి రాళ్లు తేవడానికి పట్టాలు వేసి బండ్లు నడిపారు. వరదలు లేని కొద్ది నెలల్లోనే పని జరగాలి, ఒక్క వరద ముందుగా వస్తే ఏడాది కష్టం పోతుంది. అడిగినంతమంది అనుభవజ్ఞులైన అధికారులను ప్రభుత్వం ఇవ్వలేదు. ఇచ్చిన కుర్రవాళ్లకే పని నేర్పుకుంటూ నడిపారు. స్థానికుడైన వీణం వీరన్న గారు కూలీలను కుదర్చడం దగ్గర్నుంచి పని సాగించడం దాకా కుడిభుజంగా నిలిచారు. వీరన్న గారి పేరు చెప్పకుండా కాటన్ కథ ముగించేవాళ్లంటే నాకు కొంచెం కోపం. 1848లో కాటన్ ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని ఆస్ట్రేలియా వెళ్లాల్సి వచ్చింది. కెప్టెన్ ఓర్ పని చూశారు. 1850లో తిరిగొచ్చారు, 1852లో ఆనకట్ట పూర్తయింది. వెంటనే విజయవాడలో కృష్ణ మీద ఓర్ ఆధ్వర్యంలో రెండో ఆనకట్ట లేచింది, 1855కల్లా ముగిసింది.

ఆనకట్టతో పని అయిపోలేదు. కాలువలు, లాకులు, తూములు, గట్లు, వంతెనలు కావాలి. నీళ్లు పారే ప్రతి పెద్ద కాలువ పడవలు నడిచే దారి కూడా కావాలన్నది కాటన్ పట్టుదల. కోనసీమలో నగరం లంకకు నీళ్లు చేర్చడానికి గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద 49 ఖానాల అక్విడక్టు కట్టారు. ఒక్కో ఖానా 40 అడుగులు. నది కింద, కాలువ పైన. దాన్ని కట్టింది హేగ్ అనే కుర్ర లెఫ్టినెంట్. (ఇప్పుడు అక్కడున్న కొత్త అక్విడక్టుకు అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఎంత సరిపోయిన పేరో.) మొత్తం మీద ఈ రోజు గోదావరి డెల్టాలో సాగయ్యేది సుమారు 10 లక్షల ఎకరాలు.

విశ్వాసం సంగతికి వస్తే ఆ ప్రాంతంలో అప్పుడు ఒక విచిత్రమైన గుంపు కనిపిస్తుంది. 1836లో ఇంగ్లండు నుంచి నరసాపురం వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు ఏ పెద్ద మిషన్ సొసైటీ జీతం మీదా రాలేదు, పట్టాభిషిక్తులైన పాదిరీలూ కాదు. బౌడెన్ రాతిపని మనిషి, బీర్ చెప్పులు కుట్టే మనిషి. ఆనకట్ట పనికి వేలమంది చేరినప్పుడు ధవళేశ్వరంలో కూలీల మధ్య వాక్యం చెప్పారు. అంటే రాళ్లు మోసేవాళ్లకు సువార్త చెప్పినవాడు తానూ రాతి పని తెలిసినవాడే. గోదావరి డెల్టాలో బ్రదరెన్ సంఘాలు అక్కడి నుంచే పెరిగాయి. ఇక గన్నవరం కట్టిన హేగ్ తర్వాత మన తెలంగాణలో భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం చేరారు. గోదావరి మీద విదర్భ దాకా పడవలు నడపాలన్న కాటన్ పెద్ద కలలో భాగంగా అక్కడ ఆనకట్ట, లాకులు కడుతున్నారు. అక్కడే వెంకటరామరాజు అనే ఉద్యోగి విశ్వాసంలోకి వచ్చారు. హేగ్ ప్రోత్సాహంతో 1860 ప్రాంతంలో కోయవారి మధ్య పని మొదలైంది. రాజుగారు ఉద్యోగం వదిలి ఆ పనిలోకే వెళ్లిపోయారు, తర్వాత గురువుగా అభిషేకం పొందారు. పడవల పథకాన్ని 1871లో ఖర్చు ఎక్కువైందని మధ్యలో ఆపేశారు. కోయ మిషన్ నిలిచింది. ఒకే శిబిరంలో ఒకరికి పిలుపు ఉద్యోగంలో ఉండమని, ఇంకొకరికి వదలమని వచ్చింది. రెండోది పెద్దదని, మొదటిది చిన్నదని వాళ్లెవరూ అనుకున్నట్టు లేదు.

తెలంగాణ ఉద్యమ రోజుల్లో మన బ్యాచ్ మిత్రుడు ఒకరు నన్ను నిలదీశాడు. కాటన్ ఆంధ్రవాళ్లకు దేవుడైతే మనకేంటి, పై నుంచి పోయే నీళ్లతో కిందివాళ్లు బాగుపడ్డారు కదా అని. న్యాయమైన ప్రశ్నే. కాటన్ కంపెనీ రాజ్యానికి పనిచేశారు, మనది నిజాం రాజ్యం. మన మంజీరా మీద నిజాంసాగర్ కట్టి 1931లో పూర్తిచేసిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ మన కాటన్ అంటే తప్పులేదు. ఆయన గురించి ఎవరైనా వచ్చే సంచికలో రాయాలి. ఇంకో విమర్శ కూడా ఉంది. కాలువలు వచ్చాక కంపెనీ ఖజానా నిండింది, రైతు మీద పన్ను పెరిగింది. అదీ నిజమే. కాటన్ సామ్రాజ్యాన్ని ఎప్పుడూ ప్రశ్నించలేదు. ఆ పాలన దేవుడు ఒప్పజెప్పిన బాధ్యత అని నమ్మారు. బాధ్యత నెరవేర్చనందుకు మాత్రం పాలకులను జీవితాంతం వదల్లేదు.

ఆయన మొండితనం ఎప్పుడూ మేలే చేసిందని కూడా చెప్పలేం. 1860లో పదవీ విరమణ చేశారు, 1861లో సర్ బిరుదు వచ్చింది. ఆ తర్వాత ఉత్తరాదిలో గంగా కాలువ కట్టిన కాట్లీ మీద బహిరంగ వివాదానికి దిగారు. సాంకేతికంగా కొన్ని చోట్ల కాటన్ మాటే నెగ్గింది గాని, పరాయి ఇంజనీరు కట్టిన పనిని తీసిపారేసిన ధోరణి నాకు నచ్చదు. తుంగభద్ర నుంచి కర్నూలు, కడప వైపు తీసిన కాలువ ఆయన గట్టిగా సమర్థించిన పథకం. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో తవ్వడం మొదలుపెట్టి నష్టాల్లో మునిగింది. రైతులు అనుకున్నంతగా నీళ్లు తీసుకోలేదు. 1882లో ప్రభుత్వమే కొనుక్కోవాల్సి వచ్చింది. ధవళేశ్వరంలో పనికొచ్చిన లెక్క రాయలసీమ నల్లరేగడిలో పనికిరాలేదు. దేవుడు తనకు చూపిన దారి అన్న నమ్మకం మనిషిని నిలబెడుతుంది, అదే నమ్మకం ఎదుటివాడి అంకెలను వినకుండానూ చేస్తుంది. లేమెన్ సండే రోజు ఈ భాగం చెబితే కొందరు పెద్దలకు రుచించదు. నేను వదలకుండా చెబుతాను.

రైళ్ల గురించి ఆయన పోరాటం ఇంకో వింత. మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ రాళ్ల కోసం 1830లలోనే పట్టాలు వేయించిన మనిషి, ఈ దేశంలో తొలి రైలు దారుల్లో ఒకదానికి కారకుడు, రైళ్లకే ఎదురుతిరిగారు. కోట్లు పోసి రైళ్లు వేస్తున్నారు, ఆ డబ్బుతో కాలువలు తవ్వితే పంటా పండుతుంది, సరుకూ తక్కువ ఖర్చుతో పోతుందన్నది ఆయన వాదం. 1876-78లో ధాత కరువు వచ్చి దక్షిణాదిలో లక్షలకు లక్షల మంది చనిపోయారు. రైళ్లున్న చోటా చనిపోయారు. గోదావరి, కృష్ణ డెల్టాలు మాత్రం తాము తిని బయటికి ధాన్యం పంపాయి. 1878లో పార్లమెంటు కమిటీ ముందు కాటన్ హాజరయ్యారు. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు. కమిటీ సభ్యులు ఆయన్ను సాక్షిగా గాక ముద్దాయిగా చూశారు. ఆయన అంకెలను అతిశయోక్తులన్నారు, తీర్పు రైళ్ల వైపే వచ్చింది. ఆ తీర్పులో కొంత సబబు ఉంది, రైలు లేని భారతదేశాన్ని ఇప్పుడు ఊహించలేం. అయినా ఒంటరిగా వెళ్లి అదే మాట మళ్లీ చెప్పిన ఆ ముసలాయన మీద నాకు గౌరవం తగ్గలేదు.

చివరి సంవత్సరాలు లండన్‌కు దక్షిణాన డార్కింగ్ అనే ఊళ్లో గడిచాయి. ఖాళీగా కూర్చోలేదు. డెబ్బై దాటాక అరబిక్ నేర్చుకోవడానికి ప్రాథమిక వాచకం రాసి అచ్చువేశారు. ఇంటి తోటలో భూమిని లోతుగా గుల్ల చేసి గోధుమ వేసి, దిగుబడి ఎంత పెరుగుతుందో తూచి రాసుకున్నారు. ఇక్రిశాట్ గేటు ముందు నుంచి రోజూ ఉద్యోగానికి వెళ్లొచ్చే మనకు అలాంటి పని ఎంత ఓపిక కోరుతుందో తెలుసు.

ఆయన కూతురు ఎలిజబెత్, లేడీ హోప్, కూడా సేవ చేసిన మనిషే. డార్కింగ్‌లో కూలీలు సారా దుకాణాలకు పోకుండా కాఫీ హాలు నడిపి, అక్కడే వాక్యం చెప్పేది. మన చర్చిల్లో ఇప్పటికీ కొందరు డార్విన్ మరణానికి ముందు పశ్చాత్తాపపడ్డాడని ప్రసంగాల్లో చెబుతుంటారు కదా, ఆ కథ మొదలైంది ఈమె నోటి నుంచే. డార్విన్ పిల్లలు దాన్ని కొట్టిపారేశారు. అందుకే ఆమె రాసిన తండ్రి చరిత్రను కూడా నేను కాస్త జాగ్రత్తగానే చదువుతాను. పొగడ్తలున్న చోట వేగంగా, పనుల వివరాలున్న చోట పెన్సిలు పట్టుకుని.

కాటన్ 1899 జులై 24న, 96 ఏళ్ల వయసులో డార్కింగ్‌లో కన్నుమూశారు. ఇసుక మీద కట్టిన ఆ ఆనకట్ట 1852 నుంచి నూట ఇరవై ఏళ్లకు పైగా పనిచేసింది. దాని పక్కనే 175 గేట్లతో కొత్త బరాజ్ కట్టి, ఆయన పేరే పెట్టారు, అది 1982లో పూర్తయింది. ధవళేశ్వరంలో మ్యూజియం ఉంది. డెల్టా ఊళ్లలో ఆయన విగ్రహాలు లెక్కలేనన్ని, మే 15న దండలు వేస్తారు. ఆ దండలు వేసేవాళ్లలో ఎక్కువమంది హిందూ రైతులు. గోదావరి స్నానంలో సంకల్పం చెప్పేటప్పుడు ఆయన పేరు తలుచుకునే పురోహితులు ఉన్నారని కూడా అక్కడివాళ్లు చెబుతారు.

లేడీ హోప్ రాసిన ఆ జీవితచరిత్ర 1900లో వచ్చింది. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. చాలా కాలం క్రితం నేను ప్రింట్ తీసి పెట్టుకున్న ప్రతి, అంచుల్లో నా పెన్సిలు గీతలతో సహా, బైండు చేయించి మన స్కూలు లైబ్రరీకి ఇస్తున్నాను. ఆనకట్ట కొలతలున్న పేజీల దగ్గర ఎర్ర కాగితం పెట్టాను. ఫిజిక్స్ మాస్టారు పిల్లలకు నీటి పీడనం చెప్పేటప్పుడు ఆ పేజీలు తెరిస్తే చాలు.